లండను పారిసుల నడుమ దూరమెంత?

"లండను నగరమునుండి పారిసు నగరమునకు విమానము ఎంతకాలములో చేరును?" అని తరగతిలో నడిగినచో మన విద్యార్థులు తడుముకొనక లెక్కవేయుదురు. తిన్నని రేఖపై దూరము సుమారు 344 కిలోమీటర్లు. విమానవేగము గంటకు 800 కిలోమీటర్లని చెప్పితిమా, భాగహారము చేసి 26 నిమిషములని చూపుదురు. భాగహారము తప్పు కాదు. ప్రయాణము మాత్రము అట్లుండదు. లెక్కకును లోకమునకును గల యీ యంతరమును గ్రహింపజేయనిదే గణితబోధ ముగిసినట్లు కాదని నా యభిప్రాయము.

కాలపట్టికలయందు ఈ ప్రయాణమునకు సుమారు 1 గంట 15 నిమిషములు చూపబడియుండును. విమానము నేలపై తన వంతుకై నిలిచి, క్రమముగా పైకెగసి, నియమితమార్గమున చుట్టుతిరిగి, వేగము తగ్గించుకొని దిగవలయును. ఇంత స్వల్పదూరములో పూర్ణవేగముతో పోవు కాలము కొంచెమే.

మరియొక చిక్కు గలదు. పారిసు గడియారము లండను గడియారముకంటె 1 గంట ముందుండును. కావున లండనులో 10 గంటలకు బయలుదేరిన విమానము పారిసులో 12-15కు దిగును. పారిసులో 10 గంటలకు బయలుదేరినది లండనులో 10-15కే దిగును. గడియారములను మాత్రమే చూచువాడు తిరుగుప్రయాణము 15 నిమిషములేయని భ్రమించును.

1919 ఆగస్టు 25వ తేదీన ఈ రెండు నగరముల నడుమ నిత్యవిమానప్రయాణము మొదలైనప్పుడు సుమారు రెండున్నర గంటలు పట్టెడిది. నేడు యంత్రవేగము అనేకరెట్లు పెరిగినను కాలము సగమే తగ్గినది. పైగా హీత్రో విమానాశ్రయము లండను నడిబొడ్డునకు 20 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. పారిసులోని చార్లెస్ డి గాల్ ఆశ్రయమును అట్టిదే. పోవు కాలమును, ముందుగా చేరి వేచియుండు కాలమును కూడినచో మొత్తము సుమారు 5 గంటలగును. 1994లో తెరువబడిన 50 కిలోమీటర్ల సొరంగముగుండ పోవు రైలు నగరమధ్యమునుండి నగరమధ్యమునకు సుమారు 2 గంటల 20 నిమిషములలో చేరును. దానికొరకు గంటసేపు వేచియున్నను అదియే ముందు. ఆకాశమున వేగముగా పోవునది ఇల్లు చేర్చుటలో వెనుకబడుచున్నది!

"పరీక్షలో నడుగునది భాగహారమే గదా, తక్కినదేల?" యని తల్లిదండ్రులు కొందరనవచ్చును. భాగహారమును విడువుమని నేననను. అది లేక ముందడుగే లేదు. కాని యిచ్చిన అంకెలను గుణించి భాగించుటయేగాని, ఈయని అంకె లేవియని యడుగుట నేర్వని బాలుడు రేపు లోకవ్యవహారమున మోసపోవును. నూటికి మూడు రూపాయల వడ్డీయని విని, అది నెలకని, సంవత్సరమునకు 36 రూపాయలగునని విచారింపక పత్రముపై చేవ్రాలు చేసి భూమిని పోగొట్టుకొన్న కుటుంబములు మన గ్రామములలో లేవా? వారిలో చదువుకొన్నవారును గలరు.

కావున ప్రతి తరగతిలోను నెలకొక లెక్కయైన అంకెలు లేకయే యీయవలెనని నా మనవి. "నీ యింటినుండి జిల్లాకేంద్రమునకు చేరుట కెంతకాలము పట్టును?" అని యడిగి, ఏయే సంగతులు తెలిసికొనవలయునో విద్యార్థులచేతనే వ్రాయింపవలెను. నడక, బస్సుకై నిరీక్షణ, దారిలోని రైలుగేటు, అన్నియు లెక్కకు రావలెను. తల్లిదండ్రులును ఇంట నిట్లే ప్రశ్నింపవచ్చును.

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి వ్యయమంతయు లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు బోధించెను. అందు "అంతయు" అనునదే మన బాలబాలికలు నేర్వవలసిన గణితము.