బొమ్మ పడగానే కునుకు!

ప్రతి ఇంట్లోనూ ఇలాంటివాళ్లు ఒకరుంటారు. సినిమాకి వెళదామంటే అందరికంటే ముందు తయారయ్యేది వాళ్లే. టిక్కెట్లు, పాప్‌కార్న్, పిల్లల సీట్లు అన్నీ దగ్గరుండి చూసుకునేదీ వాళ్లే. తీరా బొమ్మ పడి, పేర్లు అయిపోయి, హీరో కారు దిగి కాలు నేల మీద పెట్టేసరికి... తల ఓ పక్కకి వాలిపోతుంది. ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే లేచి కూర్చుని ‘ఫర్లేదు, బాగానే తీశాడు’ అనేస్తారు!

ఇంట్లో టీవీ ముందు ఇంకో తమాషా. తాతగారు గురక పెడుతున్నారు కదా అని మనవడు మెల్లగా రిమోట్ అందుకుని ఛానల్ మార్చాడో... ‘ఒరేయ్, నేను చూస్తున్నాను కదరా!’ అని కేక. ఇంతసేపూ గురక పెట్టిందెవరో మరి!

‘నూటయాభై పెట్టి కొన్న నిద్ర’ అని భార్య దెప్పుతుంది. ‘నాన్నకి టిక్కెట్టు దండగ’ అని పిల్లలు నవ్వుతారు. నిద్రపోయినాయన నేరం దర్శకుడి మీదకి నెట్టేస్తాడు. సంగతి అక్కడితో సరి. కానీ డాక్టర్లు మాత్రం ఈ కునుకును నవ్వి వదిలేయలేదు. ఏకంగా ప్రశ్నపత్రంలో పెట్టారు.

ఎనిమిది ప్రశ్నల పరీక్ష

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఎప్‌వర్త్ అనే ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసిన డాక్టర్ ముర్రే జాన్స్ 1991లో ఓ చిన్న ప్రశ్నావళి ప్రచురించారు. ‘ఎప్‌వర్త్ స్లీపీనెస్ స్కేల్’ దాని పేరు. పగటిపూట మనిషిని నిద్ర ఎంతగా వేధిస్తోందో తెలుసుకోవడానికి ఇప్పటికీ ప్రపంచమంతా డాక్టర్లు వాడుతున్నది దాన్నే.

అందులో ఉన్నవి ఎనిమిదే సందర్భాలు. కూర్చుని చదువుకుంటున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, థియేటర్లోనో మీటింగులోనో కదలకుండా కూర్చున్నప్పుడు, ఎవరో నడుపుతున్న కారులో గంటసేపు ఆగకుండా ప్రయాణిస్తున్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు, మందు జోలికి వెళ్లకుండా భోంచేసి ప్రశాంతంగా కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కాసేపు ఆగినప్పుడు... మీకు కునుకు పట్టే అవకాశం ఎంత? అస్సలు లేకపోతే సున్నా, తప్పకుండా పడుతుందంటే 3. మొత్తం 24 మార్కులు. 10 దాటితే మామూలు కంటే ఎక్కువ నిద్రమత్తు ఉన్నట్టే. ఎక్కువ మార్కులు వస్తే ఫెయిలయ్యే పరీక్ష ఇదొక్కటేనేమో!

ఎనిమిదింట్లో రెండు తెర ముందు పట్టే కునుకు గురించే ఉన్నాయి చూశారా? దానికి కారణం ఉంది.

పాపం, సినిమా తప్పు కాదు

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1970లో నిద్ర సమస్యలకంటూ ప్రత్యేకంగా క్లినిక్ మొదలుపెట్టిన విలియం డిమెంట్ ఒక మాట పదేపదే చెప్పేవారు. చప్పగా సాగే ఉపన్యాసం గానీ, వెచ్చటి గది గానీ, కడుపునిండా తిన్న భోజనం గానీ మనిషికి నిద్ర తెప్పించవట. లోపల అప్పటికే ఉన్న నిద్రను బయటపెడతాయంతే. రాత్రి సరిపడా నిద్రపోయినవాడికి చెత్త సినిమా చూపించినా విసుగు పుడుతుంది, కాళ్లు కదుపుతాడు, గడియారం చూసుకుంటాడు, లేచి బయటికి పోతాడు. నిద్ర బాకీ ఉన్నవాడే నిద్రపోతాడు.

ఈ బాకీ లెక్క రాసేది మెదడే. మెలకువగా ఉన్నంతసేపూ అందులో ‘అడినోసిన్’ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ రెప్పలు బరువెక్కుతాయి. నిద్రపోతే తగ్గుతుంది. కాఫీ చేసేదల్లా ఆ అడినోసిన్ పనిచేయకుండా కాసేపు అడ్డుపడటమే. బాకీని వాయిదా వేస్తుందే తప్ప తీర్చదు.

మరి పొద్దుటి నుంచీ ఆఫీసులో, వంటింట్లో, బస్సులో రాని నిద్ర థియేటర్లోనే ఎందుకొస్తుంది? అక్కడ ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. చీకటి, ఏసీ చల్లదనం, మెత్తటి కుర్చీ, కదలాల్సిన పని లేకపోవడం. అన్నిటికంటే ముఖ్యంగా... ఆ మూడు గంటలూ ఎవరూ ఏ పనీ చెప్పరు. నిద్ర డాక్టర్లు చేసే ఓ పరీక్ష అచ్చం ఇలాగే ఉంటుంది. మనిషిని పగటిపూట రెండేసి గంటలకోసారి చీకటి గదిలో పడుకోబెట్టి, ఎన్ని నిమిషాల్లో నిద్రపడుతుందో కొలుస్తారు. సగటున 8 నిమిషాలు, అంతకంటే తక్కువ తేలితే ఎక్కడో తేడా ఉందని అర్థం. అంటే సినిమా హాలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లే పరీక్ష గదిలాంటిదే!

వేళ కూడా కలిసొస్తుంది. మధ్యాహ్నం భోజనాల తరవాత రెండు మూడు గంటలపాటు మనిషి చురుకుదనం సహజంగానే తగ్గుతుంది. మ్యాట్నీ సరిగ్గా ఆ టైముకే. సెకండ్ షో సంగతి చెప్పక్కర్లేదు. పెద్దవయసులో శరీరంలోని గడియారం కాస్త ముందుకు జరుగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చునే తాతగారికి రాత్రి ఎనిమిదింటికి కళ్లు మూతపడటం వింతేమీ కాదు.

‘చూస్తున్నాను కదా’ అబద్ధమా?

ఇంతకీ గురక పెడుతూ ‘నేను మెలకువగానే ఉన్నాను’ అనేవాళ్లు అబద్ధమాడుతున్నారా? లేదు. నిద్రలో తొలి మెట్టు చాలా పలచగా ఉంటుంది. మన పెద్దవాళ్లు దానికి చక్కటి పేరు పెట్టారు... మాగన్ను. ఆ దశలో ఉన్నవాళ్లను తట్టి లేపితే చాలామంది అసలు నిద్రేపోలేదంటారు. వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది. పైగా నిద్రలోనూ చెవి పూర్తిగా మూతపడదు. పదిమంది పేర్లు చదువుతుంటే నిద్రపోతున్నవాళ్లు తమ పేరుకి మాత్రం ఎక్కువగా స్పందిస్తారని 1960లోనే పరిశోధకులు గమనించారు. ఒకే తీరుగా సాగే శబ్దానికి మెదడు అలవాటుపడిపోతుంది. అది ఠక్కున ఆగిపోతేనే ఉలిక్కిపడుతుంది. అందుకే ఫైటింగులకు కదలని తాతగారు టీవీ కట్టేయగానే లేచి కూర్చుంటారు.

దాసుగారి పిట్టకథ

ప్రేక్షకుడి నిద్రతో పోరాటం సినిమా వాళ్లకే కొత్తగా వచ్చింది కాదు. తెల్లవార్లూ సాగే తోలుబొమ్మలాటలో యుద్ధాలూ శోకాలూ మాత్రమే ఉంటే ఊళ్లో సగం మంది చాపల మీదే ఒరిగిపోయేవారు. అందుకే మధ్యమధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి నవ్వించి పోయేవారు. హరికథ చెప్పే దాసుగారు జనం తూగుతున్నారని పసిగట్టగానే ఓ పిట్టకథ అందుకునేవారు. టూరింగ్ టాకీసుల కాలంలో పొలం పని చేసొచ్చి, బండి కట్టుకుని సెకండ్ షోకి వెళ్లినవాళ్లు నేల టిక్కెట్టులో దుప్పటి పరుచుకుని పిల్లల్ని పక్కన పడుకోబెట్టేవారు. సగం సినిమా చూసి సగం నిద్రపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

పేరున్న దర్శకులు కొందరికి కూడా దీని మీద కోపం లేదు. ప్రేక్షకుణ్ని కుర్చీకి కట్టిపడేసే సినిమా కంటే హాల్లో హాయిగా కునుకు తీయనిచ్చి, తరవాత రాత్రిళ్లు ఆలోచింపజేసి నిద్ర పట్టనివ్వని సినిమాలే తనకిష్టమని ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ చెప్పేవారు. థాయిలాండ్ దర్శకుడు అపిచాట్‌పాంగ్ వీరసేతకుల్ అయితే 2018లో రోటర్‌డామ్ చిత్రోత్సవంలో మంచాలు వేసి, రాత్రంతా తెర మీద బొమ్మలు నడుస్తుండగా జనాన్ని పడుకోమన్నాడు!

కాబట్టి కునికిపాట్లు పడటం నేరం కాదు. ఎందుకు పడుతున్నారన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇంట్లో నిద్రపోయేది ఎవరు?

చాలా ఇళ్లలో సినిమా మొదలవగానే నిద్రపోయేది అమ్మ. ‘అమ్మకి సినిమాలంటే ఇష్టం లేదు’ అని తేల్చేస్తారు పిల్లలు. ఇష్టం లేక కాదు. పొద్దున అయిదింటికి లేచింది మొదలు ఆమె కుదురుగా కూర్చున్నది ఆ కుర్చీలోనే. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో తేలిన లెక్క ఇది: జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు అయిదు గంటలు ఆ పనికే వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. అందరూ తిన్నాక గిన్నెలు సర్ది, అందరికంటే ముందు లేచి డబ్బాలు కట్టే మనిషికి నిద్ర ఎక్కడ మిగులుతుంది? దానికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా ఆ సమస్య ఉంది. థైరాయిడ్ తగ్గినా ఒళ్లు బరువుగా, మగతగా ఉంటుంది. రెండూ మామూలు రక్తపరీక్షల్లో తెలిసిపోయేవే.

ఇంకో ఇంట్లో నిద్రపోయేది పాతికేళ్ల కుర్రాడు. నైట్ షిఫ్టు ఉద్యోగమో, ఒంటిగంట దాకా ఫోనో. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర కావాలన్నది నిపుణుల మాట. రోజూ గంటన్నర తగ్గినా వారం తిరిగేసరికి పది గంటల బాకీ. ఆదివారం మ్యాట్నీలో అది కొంత వసూలవుతుంది.

మరో ఇంట్లో నాన్న. ఈయన సంగతి వేరు. రాత్రి పదింటికే పడుకుంటారు, ఆరింటిదాకా లేవరు. అయినా పగలంతా మత్తే. ఇక్కడే జాగ్రత్త పడాలి.

ఎనిమిది గంటలు పడుకున్నా...

నిద్రలో గొంతు దగ్గరి కండరాలు వదులై గాలి దారికి అడ్డుపడితే శ్వాస ఆగిపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు కంగారుపడి ఓ క్షణం లేపుతుంది. గుర్రుమని పెద్ద శబ్దంతో మళ్లీ ఊపిరి అందుతుంది. కొందరికి ఇలా గంటకి 30 సార్లకు పైగా జరుగుతుంది. పొద్దున్నే వాళ్లకేమీ గుర్తుండదు. ఇదే స్లీప్ ఆప్నియా. నిద్రపోయినట్టే ఉంటుంది కానీ నిద్ర పట్టదు. లావుగా ఉండటం, మెడ మందం, రక్తపోటు, పడుకునే ముందు మద్యం... వీటితో దీనికి చుట్టరికం ఎక్కువ. ఆడవాళ్లలో గురక కంటే అలసట, పొద్దున్నే తలనొప్పి రూపంలో బయటపడొచ్చు.

మన దగ్గర గట్టిగా గురక పెడితే ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అని మురిసిపోతారు. కుంభకర్ణుడని వేళాకోళమాడతారు. నిజానికి గురక మధ్యలో ఆగి, నిశ్శబ్దమై, మళ్లీ ఎగశ్వాసతో మొదలవుతుంటే అది హాయి కాదు, ఉక్కిరిబిక్కిరి. ఈ విషయం చెప్పగలిగేది పక్కన పడుకునే మనిషే. అందుకే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లడం మంచిది. ఒక రాత్రి నిద్ర పరీక్ష చేస్తే విషయం తేలుతుంది. దీనికి సిడ్నీ డాక్టర్ కోలిన్ సలివన్ 1981లోనే మందు కాని మందు చూపించారు. ముక్కుకి మాస్కు తగిలించి, గాలిని కాస్త ఒత్తిడితో పంపే యంత్రం అది. సీప్యాప్ అంటారు. ఊపిరి దారి మూసుకుపోకుండా కాస్తుంది. బరువు తగ్గినా చాలామందికి గుణం కనిపిస్తుంది.

లేపాలా... వద్దా?

‘నిద్ర సుఖమెరుగదు’ అని ఊరికే అనలేదు. బాకీ ఎక్కువైతే అది చోటూ చూడదు, వేళా చూడదు. సినిమా హాల్లో పడితే నష్టం టిక్కెట్టు డబ్బులే. అదే కునుకు స్టీరింగ్ ముందు పడితే? గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకి 22 మీటర్లు దాటుతుంది. మూడు సెకన్లు రెప్పలు వాలితే 66 మీటర్లు ఎవరూ నడపని కారే! నిద్రమత్తు వల్ల జరిగే ప్రమాదాలు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఎక్కువ. సెకండ్ షో వదిలేదీ ఇంచుమించు ఆ వేళకే. అద్దం దించి పాటలు పెట్టుకుంటే సరిపోతుందనుకోవడం భ్రమ. బండి పక్కకి ఆపి, కాఫీ తాగి, పదిహేను ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవడమే కాస్త నయం. కాఫీ పనిచేయడం మొదలయ్యేసరికి కునుకూ పూర్తవుతుంది.

కాబట్టి ఈసారి పక్క సీట్లో ఎవరి తలైనా వాలితే మోచేత్తో పొడవకండి. కథ ఇంటికెళ్లాక చెప్పొచ్చు. ‘రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? ఎన్నింటికి లేచావు?’ అని మర్నాడు తీరిగ్గా అడగండి. అది అమ్మ అయితే పొద్దుటి పని ఒకటి మీరు అందుకోండి. నాన్న అయితే రాత్రి గురక ఎలా ఉందో ఓసారి చెవి ఒగ్గి వినండి. ఆ పూటకి మాత్రం శుభం కార్డు పడేదాకా పడుకోనివ్వండి.

బయటికొచ్చాక కారు తాళాలు మాత్రం మీరు తీసుకోండి.