దొనకొండకు గాలి లెక్క కావాలి

దొనకొండ ఎయిర్‌పోర్టు మాట వచ్చినప్పుడల్లా మన నాయకుల నోట రెండే లెక్కలు వినిపిస్తాయి: ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి ఆ ఎయిర్‌స్ట్రిప్ బాగుపడాలని మార్కాపురం, గిద్దలూరు వాళ్లు కోరుకోవడంలో తప్పేమీ లేదు. వెలిగొండ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన పడమటి ప్రకాశానికి ఆ మాత్రం ఆశ ఉండకూడదా? అయితే అలాంటి చోట ముందుగా దిగే అవకాశం ఉన్నవి శిక్షణ విమానాలు, చిన్న చార్టర్లు. వాటికి రన్‌వే పొడవు ఎంత ముఖ్యమో, దానికి అడ్డంగా వీచే గాలీ అంతే ముఖ్యం.

చక్రాలు నేలను తాకితే గండం గడిచినట్టేనని మనం అనుకుంటాం. చిన్న విమానానికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. దాన్ని తిన్నగా నడిపేది తోకలోని రడ్డర్. మీదుగా పారే గాలి వల్లే దానికి పట్టు. వేగం తగ్గే కొద్దీ ఆ పట్టు సడలుతుంది. చక్రాల మీద బరువు ఇంకా పూర్తిగా పడదు కాబట్టి టైర్లూ నేలను గట్టిగా పట్టుకోవు. ఆ కొద్ది క్షణాల్లో అడ్డగాలి తోకను పక్కకు నెడితే, ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. కంగారుపడి ఎదురు పెడల్ బలంగా తొక్కితే విమానం అటూ ఇటూ ఊగి మట్టిలోకి దిగిపోతుంది. ముక్కు చక్రం విరగొచ్చు, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకోవచ్చు. తోక కింద చక్రం ఉండే రకాలతో మరీ కష్టం. వాటి బరువు ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది కనుక, మొదలైన మలుపు తనంతట తానే ముదురుతుంది.

ఇలాంటివాటిలో చాలాసార్లు ప్రాణాలు దక్కుతాయి. అందుకే ఎవరికీ గుర్తుండవు. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ దగ్గర శిక్షణ విమానం పొలాల్లో కూలి ట్రెయినీ పైలట్ మరణించిన సంగతి మనకు గుర్తే. 2023 సెప్టెంబరు 14న విశాఖ నుంచి వెళ్లిన లియర్‌జెట్ ముంబైలో జోరువానలో దిగుతూ రన్‌వే పక్కకు పోయింది. ఎనిమిది మందీ బతికారు. ఆ సంగతి ఇప్పుడెవరు మాట్లాడుతున్నారు?

శిక్షణలో వాడే సెస్నా 152తో తయారీదారు చేసి చూపించిన అడ్డగాలి 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్లు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1200 మీటర్లలోపు రన్‌వే చాలే విమానాలకు 10 నాట్లనే లెక్కలోకి తీసుకుంటుంది. 95 శాతం సమయం గాలి ఆ హద్దు దాటని దిక్కుకు రన్‌వే వేయాలంటుంది. అందుకు కనీసం ఐదేళ్ల గాలి రికార్డు, రోజుకు ఎనిమిది సార్లు తీసింది, ఉండాలని సూచిస్తుంది.

సముద్రం పక్కనున్న ఒంగోలు లెక్క నల్లమల నీడనున్న దొనకొండకు పనికిరాదు. గాలి కొలిచే స్తంభం అక్కడే, ఇప్పుడే పాతాలి. ఎలాగూ ఫైళ్లు తిరిగేలోపు ఐదేళ్లు గడుస్తాయి. రన్‌వే అంచుల్లో గుంతలు, చిల్లచెట్ల మొద్దులు లేకుండా చదును చేయడమూ ఆ అంచనాల్లోనే చేరాలి. గాలి రికార్డు పాత దిక్కు కుదరదని తేల్చితే కొత్త రన్‌వేను భూసేకరణకు ముందే తిప్పాలి. ఒకసారి భూమి తీసుకున్నాక తిప్పుదామంటే ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు.