కంకర దారిలో సైకిలు తొక్కవచ్చునా?

ప్రశ్న: నా వయస్సు 56. చక్కెర వ్యాధికి ఆరేళ్లుగా గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. వచ్చే వేసవిలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళుతున్నాను. అక్కడి బ్లాక్ ఫారెస్టులో కార్లు తిరగని కంకర దారులున్నాయట. ఇద్దరం సైకిళ్ల మీద వెళదామంటున్నాడు. నేను తొక్కవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తొక్కవచ్చు. చక్కెర వ్యాధికి సైకిలు మంచి వ్యాయామం. ఒంటి బరువు సీటు మీద పడుతుంది కనుక మోకాళ్లకు శ్రమ తక్కువ. అయితే అది కొండ ప్రాంతం. అక్కడి ఫెల్డ్‌బెర్గ్ శిఖరం ఎత్తు 1,493 మీటర్లు. ఎక్కుడు దారిలో గుండెకు పని పెరుగుతుంది. బయలుదేరే ముందే బ్లడ్ ప్రెషరు, ఇ.సి.జి., కళ్లు, పాదాలు పరీక్ష చేయించుకోండి. ఇప్పటినుంచే చదును నేల మీద రోజూ అరగంట తొక్కండి.

మీరు వాడే మాత్రతో, ఎక్కువసేపు తొక్కితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. మోతాదు సంగతి మీ డాక్టరును అడగండి. ఖాళీ కడుపుతో వెళ్లకండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే దిగి 15 గ్రాముల గ్లూకోజు తీసుకోండి. 15 నిమిషాలాగి చక్కెర మళ్లీ చూసుకోండి. ఛాతీలో నొప్పి వస్తే ఆగిపోయి, 112కు ఫోను చేయించండి.

దిగుడులో కంకర జారుతుంది. రెండు బ్రేకులూ మెల్లగా వేయండి, హెల్మెట్ మరువకండి.

మరొక సంగతి. ఆ అడవి గడ్డిలో పిడుదులుంటాయి. వాటి కాటువల్ల లైమ్ వ్యాధి, ఒక రకం మెదడువాపు రావచ్చు. మెదడువాపుకు టీకా ఉంది. ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకుని, పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగేయండి. తర్వాత అక్కడ ఎర్రని మచ్చ వలయంలా పెరిగితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.