నేత్రారోగ్యము: అద్దములు మానుటకు లేసరు చికిత్స

నర్సీపట్నము చెంతనున్న మాకవరపాలెమునుండి యొక సోదరి మాకు వ్రాసినారు. వారి కుమార్తెకు ఇరువదియేండ్లు. దూరపుచూపునకై చిన్ననాటినుండి అద్దములు పెట్టుకొనుచున్నది. పెండ్లిచూపులకు వచ్చువారు వానిని చూచి పెదవి విరచుచున్నారట. విశాఖపట్టణమునకు తీసికొనిపోయి లేసరు చికిత్స చేయింపవచ్చునా, దానివలన హాని గలదా యని వారి ప్రశ్న. ఇది పలు గృహములలోని ప్రశ్నయే గావున నిచ్చట ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

కంటికి ముందు గాజువలె నుండు పొరను శుక్లపటల మందురు. లేసిక్ అను చికిత్సలో దాని పైభాగమును పలుచని రేకువలె కోసి యెత్తి, క్రిందిభాగమును లేసరు కిరణముతో రవంత చెక్కి, రేకును మరల కప్పుదురు. చెన్నపురిలో జన్మించిన రంగస్వామి శ్రీనివాసనుగారు 1981లో అమెరికాలో సహచరులతో గూడి, ఈ కిరణము చుట్టుప్రక్కల కాల్చక సన్నముగ చెక్కునని కనుగొనిరి. ఈ చికిత్సకు మూలమదియే.

పెక్కుమందికి దీనివలన మేలే కలుగుచున్నది. కాని చెక్కినపొర మరల పెరుగదు. ఈ మాట మరువరాదు. చికిత్సానంతరము కన్నులు పొడిబారి మండుట సాధారణము. కొన్ని నెలలలో తగ్గును, కొందరికి నిలిచిపోవును. రాత్రివేళ దీపములచుట్టు వలయములు కనబడవచ్చును. అరుదుగా చీము పట్టుటయు, బలహీనమైన పొర ముందునకు ఉబ్బి చూపు చెడుటయు గలదు.

పదునెనిమిదేండ్లు నిండనివారికిని, ఏడాదిగా అద్దముల నంబరు నిలుకడగా లేనివారికిని, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును ఇది తగదు. పొర పలుచనగానుండినను, శంకువువలె ఉబ్బియున్నను చేయింపరాదు. కావున పొర మందమును, ఆకారమును, కన్నీటిని పరీక్షింపకుండ తేదీ నిర్ణయించు వైద్యుని నమ్మకుడు. నలువదేండ్లు దాటినపిదప చదువుటకు అద్దములు మరల కావలసివచ్చును. నంబరు హెచ్చుగా నున్నవారికి కంటి లోపలిపొర బలహీనత చికిత్సతో పోదు; ఏటేట పరీక్ష చేయించుకొనవలెను.

చేయించుకొన్నచో, వైద్యుడు చెప్పువరకు కాటుక పెట్టరాదు, తలంటి పోసికొనరాదు, కన్ను నులుమరాదు.

సోదరీ! పిల్ల తానై కోరి, పరీక్షలన్నియు అనుకూలించినచో చేయింపుడు. అద్దములు చూచి పిల్లను వలదనువారి మెప్పునకై మాత్రము ఆమె కన్నులను కోయింపకుడు. కన్నులు ఆమెవి, నిర్ణయమును ఆమెదే కావలెను.