పారవేయు నిమ్మడొప్ప

తోటపల్లి గూడూరు ప్రాంతము వరిమళ్ళకును, రొయ్యల గుంటలకును పేరొందినది. నిమ్మకాయ మాత్రము పడమటినుండి, పొదలకూరు, గూడూరు మార్కెట్ల బస్తాలలో వచ్చును. మొన్నటి వేసవిలో అచట మా పెద్దమ్మ, మధుమేహముతో చిరకాలముగ మాత్రలు మ్రింగుచున్న వృద్ధురాలు, రెండు కాయలు పిండి, నాలుగు చెంచాల పంచదార కలిపి, "షుగరుకి నిమ్మకాయ మంచిదంట గదా అబ్బయ్యా" యని గ్లాసు నోటికెత్తి, పిండిన డొప్పలను పెంటకుప్పపై విసరినది. మేలు చేయునేమో యని శాస్త్రజ్ఞులు వెదకుచున్న పదార్థము విశేషముగ నుండునది ఆ డొప్పలోనే. ఆమె త్రాగినది, దాదాపు, పంచదార నీరు.

డొప్పను విప్పి చూచినచో పలుచని పచ్చని తోలు క్రింద చేదుగ, మెత్తగ తెల్లని పొర యొకటి కనబడును. నారింజ తొక్కలోని యిట్టి పొరనుండియే 1828లో లెబ్రెటన్ అను శాస్త్రజ్ఞుడు హెస్పెరిడిన్ అను పదార్థమును వేరు చేసెను. పంపరపనసకు చేదునిచ్చు నారింజిన్ అను మరియొక పదార్థము మన 'నారంగ' శబ్దమునుండియే పేరు పొందినది. ఈ రెండును మధుమేహపు ఎలుకలలో రక్తములోని చక్కెరను తగ్గించినవని 2004లో కొరియా పరిశోధకులు ప్రకటించిరి. అయినను ఎలుకకు ఫలించినది మనుష్యునకు ఫలించునని చెప్పజాలము. మనుష్యులపై జరిగిన పరీక్షలు చిన్నవి, వాని ఫలితములును ఏకముఖముగ లేవు.

డొప్ప మాట యటుండగా, రసము విషయమున ఫ్రాన్సులో 2021లో పదిమంది ఆరోగ్యవంతులకు రొట్టెతో నిమ్మరసమిచ్చి చూడగా, రక్తములోని చక్కెర శిఖరము 30 శాతము తగ్గి, అరగంటకు పైగ ఆలస్యమైనది. నిమ్మలోని ఆమ్లము పిండిని జీర్ణించు లాలాజల కిణ్వమును అణచుటయే దీనికి హేతువని వారి ఊహ. మన నిమ్మకాయ పులిహోర తినువారికి ఇది ఆసక్తికరమే గాని, అన్నమును ఇష్టము వచ్చినంత తినుటకు అనుమతి గాదు.

భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము 2023లో దేశమున 10.1 కోట్లమంది మధుమేహపీడితులున్నారని వెల్లడించినది. ఇంత వ్యాధిభారము మోయు దేశము, ఇంత నిమ్మను పండించు నెల్లూరు సీమ, పరదేశములలో జరిగిన పరీక్షలతోనే తృప్తిపడుట నాకు మిక్కిలి కొరతగ తోచుచున్నది. వేంకటగిరి చెంత పెట్లూరులోని పరిశోధనా స్థానము 'పెట్లూరు సెలక్షన్-1' అను నిమ్మ రకమును రైతులకిచ్చినది. అట్టి మన కాయ తొక్కలో ఏ పదార్థము ఎంత యున్నదో కొలిచి, వైద్య కళాశాలలతో గూడి మన రోగులపై జాగ్రత్తగ పరీక్షించుట ప్రభుత్వము చేపట్టవలసిన పని.

అందాక, పాఠకులారా, నిమ్మరసమున పంచదార వేయకుడు. పంపరపనసకు చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ కొన్ని రక్తపోటు, కొలెస్ట్రాల్ మందుల బలమును అపాయకరముగ పెంచును గనుక అట్టి ఫలములు తినుటకు ముందు వైద్యుని అడుగుడు. నిమ్మను నమ్మి మాత్ర మానకుడు.