సంతకం పడితే సరిపోతుందా?

మొన్న వీకెండ్ జహీరాబాద్‌లో మా ఇంట్లో 'డాగ్' (2022) అనే హాలీవుడ్ సినిమా చూశాను. పక్కింటి చాచా కూడా వచ్చి కూర్చున్నారు. ఆయన ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ.

కథ ఇదీ. బ్రిగ్స్ అనే సైనికుడు తలకి దెబ్బ తగిలి ఇంటికొచ్చేశాడు. మళ్ళీ డ్యూటీలో చేరాలంటే పై ఆఫీసరు సిఫార్సు కావాలి. లులు అనే మిలటరీ కుక్కని, చనిపోయిన దాని హ్యాండ్లర్ అంత్యక్రియలకి కారులో తీసుకెళ్తేనే ఆ సిఫార్సు.

ఏమన్నా గుర్తొచ్చిందా? మన 'నా పేరు సూర్య' (2018)! అందులోనూ సైనికుడే, బోర్డర్‌కి వెళ్ళాలంటే సైకాలజీ ప్రొఫెసరైన తండ్రి సంతకం కావాలి. తేడా ఏంటంటే, బ్రిగ్స్‌కి ఉన్నది జబ్బు. ఫిట్స్ వచ్చి పడిపోతాడు. సూర్యకి ఉన్నది కోపం, అంటే ఫైట్లు. చివర్లో ఆ కోపాన్ని అదుపు చేసుకుంటాడు, నిజమే. కానీ అప్పటికే మనం రెండు గంటలు దానికి ఈలలు వేసేశాం కదా!

అదే సినిమాలో ముస్తఫా అనే మాజీ సైనికుడు (సాయికుమార్) ఉన్నాడు. నా మటుకు నాకు అసలు కథ ఆయనదే. కానీ ఆయన్ని హీరో ఆదుకోవడానికి పెట్టారంతే.

హాలీవుడ్ వాళ్ళేదో గొప్పవాళ్ళని కాదు. లులు ఒక హోటల్లో అరబ్బు దుస్తుల్లో ఉన్న మనిషి మీదకి దూకుతుంది. సినిమా బ్రిగ్స్ కష్టాల వైపు వెళ్ళిపోతుంది, ఆ మనిషి కోణం మాత్రం పెద్దగా కనిపించదు. ఆ సీన్‌కి చాచా ఒక్కటే మాటన్నారు. "కుక్కకేం తెలుసు బేటా, నేర్పిందే చేస్తది."

ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. నాకూ ఏమనాలో తోచలేదు.

అంత్యక్రియలయ్యాక లులుని చంపేయాలని ఆర్డరు. అమెరికా వాళ్ళు ఇంత దారుణమా అనుకోకండి. మన సైన్యంలోనూ పనికిరాని కుక్కల్ని చంపేసేవారని 2015లో సమాచార హక్కు కింద బయటపడింది. గొడవయ్యాకే ఆ పద్ధతి మారింది. 2023 సెప్టెంబరులో రాజౌరీ ఎన్‌కౌంటర్లో కెంట్ అనే లాబ్రడార్ తన హ్యాండ్లర్‌ని కాపాడుతూ చనిపోయినప్పుడు మాత్రం దేశమంతా సెల్యూట్ కొట్టింది. చనిపోతే సెల్యూట్, బతికి ముసలిదైతే ఖర్చు!

మనుషుల సంగతీ అంతే. 'మేజర్' (2022) చూసి ఏడ్చాం, మంచిదే. యుద్ధంలో పోయినవాడి మీద సినిమా తీస్తాం. తిరిగొచ్చినవాడు సినిమాలో ఫైటన్నా చేయాలి, లేదా ఫోటోలో దండ వేసుకునన్నా ఉండాలి. పదిహేడేళ్ళ సర్వీసు చేసొచ్చి, ఆ తర్వాత పన్నెండు గంటల షిఫ్టు నిలబడేవాడు ఏ కథలోనూ లేడు.

మన ఆఫీసు గేటు దగ్గర మాత్రం ఉన్నాడు. రోజూ బ్యాడ్జి చూపించి లోపలికి పోతాం. సోమవారం పొద్దున నేను ఆగి, మా గేటు దగ్గరాయన్ని ఏ రెజిమెంటని అడిగాను. మూడేళ్ళుగా చూస్తున్న మనిషి. ఆయన టీ తాగడం మానేసి మరీ చెప్పాడు.

మీరూ ఒకసారి అడిగి చూడండి.