మార్జాల భోజనం

మా అబ్బాయి పిల్లికని తెచ్చిన ప్యాకెట్టు మీద "ప్రీమియం" అని బంగారు అక్షరాలు! ధర చూసి నా గుండె జారింది. చవకది చాలదా అంటే, "నోరులేని జీవం దగ్గరా మీ పిసినారితనం?" అంటుంది మా ఆవిడ. ఆ మాటకి అమెరికాలోనే చట్టం చెప్పిన అర్థం లేదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. చూడాల్సింది వెనకవైపు చిన్నక్షరాలు: సంపూర్ణాహారమని రాశారా, టారిన్ కలిపారా అని. టారిన్‌ని పిల్లి ఒళ్ళు చాలినంత తయారుచేసుకోలేదు. తక్కువైతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. 1987లో ఆ గుండెజబ్బు సంగతి తేల్చినప్పుడు, జబ్బుపడ్డ పిల్లులు తిన్నదీ కొట్లో కొన్న తిండే! ఆ రెండూ ఉంటే నేను చవకదే కొంటాను.

"మేం పెరుగన్నమే పెట్టేవాళ్ళం" అంటారు పక్కింటి పిన్నిగారు. మరి మీ పిల్లి పెరట్లో ఎలుకల్ని తినేది కాదటండీ, పిన్నిగారూ? మాది మూడో అంతస్తు.